పెద్దలకు టీకా ఎవరు వేయించాలి?



యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకునే సభల్లో మామూలుగా ఆయన మందుల గురించే మాట్లాడుకుంటాం. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్, ఆరియోమైసిన్. ఆ వరస మీకు నాకంటే బాగా తెలుసు. ఈ రోజు నేను ఆయన పనిచేసిన చోట మొదలుపెట్టి మరోవైపు వెళ్తాను.

భీమవరంలో పుట్టిన ఆయన 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. 1948లో కన్నుమూసేదాకా అక్కడే పనిచేశారు. ఆ ప్రాంగణం టీకాలకు పెట్టింది పేరు. ఆయన పోయిన రెండేళ్ళలోపే, 1950 ఫిబ్రవరిలో, లెడర్లీలో హిలరీ కొప్రోవ్‌స్కీ తయారుచేసిన నోటిచుక్కల పోలియో టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి ఇచ్చారు. 2000లో పసిపిల్లల న్యుమోకాకల్ టీకా ప్రెవ్‌నార్ ఆ సంస్థ వారసుల చేతుల మీదుగానే వచ్చింది. కోవిడ్ కాలంలో ఫైజర్ టీకా పరిశోధనకు కేంద్రం కూడా పెర్ల్ రివరే.

టీకాలు తయారు చేయడంలో ఇంత చెయ్యి తిరిగిన దేశంలో ఆ టీకా ఎవరిదాకా వెళ్తోంది, ఎవరి దగ్గర ఆగిపోతోంది? ఇదీ నేటి విషయం. పిల్లల టీకాల సంగతి కాదు, పెద్దల సంగతి. ఏటేటా వేయించుకోవాల్సిన ఫ్లూ టీకా, పదేళ్ళకోసారి ధనుర్వాతం టీకా, వయసు మళ్ళాక న్యుమోనియా టీకా, మనవైపు సర్పి అనే షింగిల్స్‌కు టీకా, కాలేయాన్ని కాపాడే హెపటైటిస్ బి టీకా. అమెరికాలో పెద్దలు వేయించుకోవాల్సిన టీకాల్లో ముఖ్యమైనవి ఇవి.

అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం, సీడీసీ, 2022 అక్టోబరులో ఒక లెక్క చెప్పింది. 2021-22 చలికాలంలో ఫ్లూ టీకా వేయించుకున్న పెద్దలు తెల్లవారిలో, ఆసియన్లలో నూటికి 54 మంది. నల్లవారిలో 42. మూలవాసుల్లో, అంటే అమెరికన్ ఇండియన్లు, అలాస్కా తెగలవారిలో, 41. లాటినోల్లో 38. 2009 నుంచి 2022 దాకా ఫ్లూతో ఆసుపత్రి పాలైనవారి లెక్క కూడా ఆ పక్కనే ఇచ్చారు. నల్లవారి రేటు తెల్లవారి రేటుకంటే దాదాపు 80 శాతం ఎక్కువ. మూలవాసులది 30 శాతం, లాటినోలది 20 శాతం ఎక్కువ. జబ్బు ఎక్కడ గట్టిగా పట్టుకుంటోందో టీకా అక్కడే పలచబడుతోంది. షింగిల్స్ టీకాలోనైతే తెల్లవారి శాతం నల్లవారి శాతానికి చాలాకాలం దాదాపు రెట్టింపుగా ఉంటూ వచ్చింది.

ఈ అంకెలు చెప్పగానే వచ్చే జవాబు ఒకటుంది. "వాళ్ళకు టీకాలంటే నమ్మకం లేదండీ." ఈ జవాబు అబద్ధం కాదు. కాని ఇది చెప్పేవాడికి ఎంత సుఖంగా ఉంటుందో గమనించండి. తప్పు రోగిది అయిపోతుంది. ఆసుపత్రిది కాదు, ప్రభుత్వానిది కాదు, బీమా కంపెనీది అంతకన్నా కాదు. ఇక మిగిలిన పనల్లా నాలుగు పోస్టర్లు అచ్చువేసి 'అవగాహన' కల్పించడమే.

నమ్మకం ఎందుకు లేదో మొదట చూద్దాం. అలబామా రాష్ట్రంలో మేకన్ కౌంటీ. 1932లో అమెరికా ప్రజారోగ్య శాఖ అక్కడ సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళను, తర్వాత టస్కీగీ అధ్యయనం అని పేరుపడ్డ ఒక అధ్యయనంలో చేర్చుకుంది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ ఉంది. జబ్బు పేరు వాళ్ళకు చెప్పలేదు. 'చెడు రక్తం' అన్నారు. చాలామంది అనుకునేట్టు వాళ్ళకు ఎవరూ జబ్బు ఎక్కించలేదు. ఉన్న జబ్బును ముదరనిచ్చి చూస్తూ కూర్చున్నారు. 1940లు ముగిసేలోపే పెన్సిలిన్ వాడుకలోకి వచ్చింది. అయినా ఇవ్వలేదు. పీటర్ బక్స్టన్ అనే ప్రజారోగ్య శాఖ ఉద్యోగి ఏళ్ళ తరబడి లోపల మొత్తుకుని, చివరికి పత్రికలవారికి చెప్పాడు. 1972 జులైలో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి జీన్ హెల్లర్ రాసిన కథనంతో అది ఆగింది. నలభై ఏళ్ళ తర్వాత! దేశాధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పింది 1997లో. మార్సెల్లా ఆల్సన్, మేరియాన్ వానమేకర్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, ఆ వార్త బయటపడ్డాక నల్లవారైన మగవాళ్ళు వైద్యానికి ఎంత దూరమయ్యారో లెక్కగట్టారు. 45 ఏళ్ళ వయసులో వాళ్ళకు మిగిలిన ఆయుర్దాయం ఏడాదిన్నర దాకా తగ్గి ఉండవచ్చని వారి అంచనా.

దీనికంటే పాత కథ మరొకటి ఉంది. అందులో మన దేశానికీ ఒక పాత్ర ఉంది. 1900లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ప్లేగు కనిపించింది. అంతకు మూడేళ్ళ ముందు బొంబాయిలో హాఫ్‌కిన్ ప్లేగు టీకా తయారుచేశాడు. ఆ టీకా వేయించుకోని చైనీయులు, జపనీయులు ఊరు దాటి పోకూడదని అధికారులు ఆంక్ష పెట్టారు. తెల్లవాళ్ళకు ఆ ఆంక్ష లేదు. ప్లేగు పురుగుకు మనిషి జాతి తెలుస్తుందన్నట్టు! వాంగ్ వై అనే వ్యాపారి కోర్టుకు వెళ్ళాడు. జాతిని బట్టి పెట్టిన ఈ నిర్బంధం చెల్లదని న్యాయమూర్తి మారో ఆ మే నెలలోనే కొట్టేశారు. పెద్దల టీకాలో జాతి తేడా అంటే టీకా అందకపోవడం ఒక్కటే కాదు, ఒక జాతినే వెతికి పట్టుకుని పొడవడం కూడా అని ఈ కేసు చెబుతుంది.

అసలు ఉత్తర అమెరికాకు టీకా విద్య నేర్పినవారిలో ముఖ్యుడు ఒక నల్ల బానిస. బోస్టన్‌లో కాటన్ మాథర్ అనే మతగురువు ఇంట్లో ఉండే ఒనేసిమస్, మశూచి చీమును చర్మం కోసి కొద్దిగా ఎక్కిస్తే అసలు జబ్బు రాదని, తన ఆఫ్రికాలో ఇది మామూలేనని చెప్పి, తన చేతి మీది మచ్చ చూపించాడు. 1721లో మశూచి విరుచుకుపడ్డప్పుడు జాబ్డియల్ బాయిల్‌స్టన్ అనే వైద్యుడు దాన్ని సుమారు 240 మందిపై చేసి చూశాడు. వాళ్ళలో ఆరుగురు పోయారు. మామూలుగా జబ్బు పట్టినవాళ్ళలో ఏడుగురికి ఒకరు పోయారు. టీకా మీద నల్లవారికి పుట్టుకతోనే అనుమానం అని మాట్లాడేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

సరే, అపనమ్మకానికి కారణాలున్నాయి. మరి తేడా అంతా దానివల్లేనా? నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

ప్రభుత్వాన్ని నమ్మకపోవడానికి అమెరికా మూలవాసులకున్నన్ని కారణాలు మరెవరికీ లేవు. ఫ్లూ టీకాలో వాళ్ళు 41 దగ్గర ఉన్నారని ఇందాక చెప్పాను. అదే ప్రజలు, అదే చరిత్ర. కాని 2021లో కోవిడ్ టీకా వేయించుకోవడంలో దేశంలోని అన్ని జాతులకంటే ముందు నిలిచినవారు వాళ్ళే. ఏం మారింది? టీకా పంపకం తెగల చేతికి వచ్చింది. ఎవరికి ముందు వేయాలో వాళ్ళే నిర్ణయించుకున్నారు. ఓక్లహోమాలో చెరోకీ నేషన్ మొదటి వరుసలో ఎవరిని పెట్టిందో తెలుసా? వైద్య సిబ్బందితోపాటు చెరోకీ భాష ధారాళంగా మాట్లాడే పెద్దలను. ఆ ముసలివాళ్ళు పోతే భాష పోతుందని. నవాహో నేషన్‌లో మాటలన్నీ వాళ్ళ భాషలోనే, వాళ్ళ మనుషుల నోటనే. 2021 మార్చికల్లా ఓక్లహోమాలో కొన్ని తెగలు తమవాళ్ళకు వేసి మిగిలిన టీకాలను ఇరుగుపొరుగు తెల్లవాళ్ళకు కూడా వేశాయి.

కోవిడ్‌లో నల్లవారి కథ కూడా ఇదే చెబుతుంది. 2020 డిసెంబరు 14న న్యూయార్క్ క్వీన్స్‌లో అమెరికా తొలి టీకాల్లో ఒకటి వేయించుకున్నది శాండ్రా లిండ్సే అనే నల్లజాతి నర్సు. వేసిన మిషెల్ చెస్టర్ కూడా నల్లజాతి మహిళే. మోడెర్నా టీకా వెనుక పనిచేసిన శాస్త్రవేత్తల్లో కిజ్మేకియా కార్బెట్ అనే నల్లజాతి మహిళ ఉన్నారు. ఇంతమంచి ఫొటోలున్నా 2021 మార్చి మొదట్లో తెల్లవారి టీకా శాతం నల్లవారి శాతానికి సుమారు రెట్టింపు. కారణం? మొదటి విడతల్లో 75 ఏళ్ళు దాటినవారికి ప్రాధాన్యం ఇచ్చారు. నల్లవారి సగటు ఆయుర్దాయం 2020లో 72 లోపే ఉంది. ఆ వయసుదాకా బతకనివాడికి ప్రాధాన్యం ఏం ఒరగబెడుతుంది? పైగా పేరు నమోదు ఇంటర్నెట్‌లో. అర్ధరాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కుతూ ఉండగలిగినవాడిదే స్లాటు.

అప్పుడు ఫిలడెల్ఫియాలో ఏలా స్టాన్‌ఫోర్డ్ అనే పిల్లల సర్జన్ ఏం చేశారో చూడండి. అంతకు ముందు ఏడాది నుంచే ఆవిడ నల్లజాతి డాక్టర్ల బృందం ఒకటి కట్టి, చర్చిల పార్కింగు స్థలాల్లో కోవిడ్ పరీక్షలు చేస్తూ ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో ఒక బాస్కెట్‌బాల్ స్టేడియంలో ఇరవై నాలుగు గంటలు ఆపకుండా టీకాలు వేశారు. ముందుగా పేరు రాయించుకోనక్కరలేదు. మంచులో వరుస కట్టారు జనం. నమ్మకం లేదన్న జనమే. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ థామస్ అంతకు ఏళ్ళ ముందు నుంచే బార్బర్ షాపుల్లో ఆరోగ్యం మాటలు చెప్పిస్తున్నారు. 2021 వేసవిలో ఆ దారినే వైట్‌హౌస్ అందుకుని షాపుల్లో టీకాలు వేయించింది. కైసర్ ఫ్యామిలీ ఫౌండేషన్ లెక్కలో 2022 జులై నాటికి ఒక్క డోసైనా వేయించుకున్నవారు లాటినోల్లో 67 శాతం, తెల్లవారిలో 64, నల్లవారిలో 59. రెట్టింపు తేడా ఏడాదిన్నర లోపే నూటికి అయిదుగురికి దిగింది. లాటినోలు తెల్లవారిని దాటారు. ఆ తర్వాత ఆ శ్రద్ధ పోయింది, వలంటీర్లు ఇళ్ళకు వెళ్ళిపోయారు. 2022 సెప్టెంబరులో వచ్చిన బూస్టర్ దగ్గర తేడా మళ్ళీ కనిపించింది.

పిల్లల సంగతి చూస్తే, అసలు లోటు పంపకంలో ఉందన్నది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1989 నుంచి 1991 దాకా అమెరికాలో తట్టు విజృంభించింది. సుమారు 55 వేలమందికి సోకింది, వందకు పైగా పోయారు. ఎక్కువ దెబ్బ తిన్నది నగరాల్లోని పేద నల్లజాతి, లాటినో పసిపిల్లలు. వాళ్ళు క్లినిక్కులకు రాక కాదు. వచ్చినవాళ్ళను టీకా డబ్బులు లేవని మరో చోటికి పంపించేశారు. 1993లో ఒక చట్టం చేశారు. మరుసటి ఏడాది నుంచి బీమా లేని పిల్లలకు, పేదల ప్రభుత్వ బీమా అయిన మెడికెయిడ్ కింద ఉన్న పిల్లలకు, మూలవాసుల పిల్లలకు ప్రభుత్వమే టీకా కొని డాక్టరు గుమ్మందాకా ఉచితంగా చేర్చింది. బడిలో చేరాలంటే టీకా ఉండాల్సిందే. పదిహేనేళ్ళు తిరిగేసరికి తట్టు టీకాలో జాతుల మధ్య తేడా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఆ పిల్లల తల్లులు ఎవరు? టస్కీగీ కథ విని పెరిగినవాళ్ళే.

ఆ పిల్లవాడికి పందొమ్మిదో పుట్టినరోజు వస్తుంది. ఆ రోజుతో పథకం అయిపోతుంది. బడి లేదు, అడిగేవాడు లేడు. ఇక అతను, అతని బీమా, అతని అదృష్టం.

పెద్దల టీకా ఎలా నడుస్తుందో చూస్తే ఈ తేడా లేకపోతేనే ఆశ్చర్యం. వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఒక భాగం కింద, షింగిల్స్, ధనుర్వాతం మరో భాగం కింద. రెండోదానికి డాక్టరు బిల్లు పెట్టడం తలనొప్పి. అందుకని టీకా తెప్పించుకోడు, మందుల షాపుకు పొమ్మంటాడు. 2023 జనవరి దాకా అక్కడ రోగి జేబు నుంచి కట్టాల్సిన వాటా కూడా ఉండేది. నల్లవారి పేటల్లో మందుల షాపులు మూతపడుతున్నాయి. షింగిల్స్ టీకా రెండు డోసులు. వేసిన మర్నాడు చాలామందికి జ్వరం, ఒళ్ళునొప్పులు. జబ్బు చేస్తే జీతంతో సెలవు ఇవ్వాలన్న చట్టం దేశం మొత్తానికి ఇప్పటికీ లేదు. గంటల లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ జ్వరం ఒక రోజు కూలి. ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం బీమా ఉన్నవాళ్ళకు టీకాలు ఉచితం చేసింది. కాని పేదల మెడికెయిడ్‌ను విస్తరించాలా వద్దా అన్నది 2012లో సుప్రీంకోర్టు రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. టెక్సాస్, మిసిసిపీ, అలబామా, జార్జియా ఇప్పటికీ ససేమిరా అంటున్నాయి. నల్లవారు ఎక్కువగా ఉన్నది ఆ దక్షిణాదిలోనే.

డబ్బొక్కటే అయితే మెడికేర్ ఉన్న ముసలివాళ్ళలో తేడా ఉండకూడదు. 1993 నుంచి వాళ్ళకు ఫ్లూ టీకా ఉచితమే. అయినా ఉంది. అన్నీ ఒక పద్ధతిలో పెట్టి నడిపే మేనేజ్డ్ కేర్‌లో చేరినవారిలోనూ ఆ తేడా తగ్గలేదని 2001లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. డబ్బు అడ్డు తీసేశాక మిగిలేది, గదిలో డాక్టరు ఏమన్నాడు అన్నది. ఓక్లండ్‌లో ఆల్సన్ బృందం బార్బర్ షాపుల్లో, సంతల్లో నల్లజాతి మగవాళ్ళను కూడగట్టి ఒక క్లినిక్కుకు రప్పించింది. డాక్టరు ఫొటో మాత్రమే చూసి టీకా, పరీక్షలు ఎంచుకోమన్నప్పుడు నల్ల డాక్టరైనా వేరే డాక్టరైనా తేడా రాలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాక, నల్ల డాక్టరు పడ్డవాళ్ళు ఎక్కువ సేవలకు సరే అన్నారు. మాట్లాడుకున్నారు, అంతే.

ఇక్కడ పెర్ల్ రివర్ టీకా గురించి ఒక్క మాట. న్యుమోకాకస్ క్రిమి రక్తంలోకి చేరే జబ్బు నల్లజాతి పెద్దల్లో చాలా ఎక్కువ. 2000 తర్వాత పసిపిల్లలకు ప్రెవ్‌నార్ వేయడం మొదలుపెట్టాక పెద్దల్లో కూడా ఆ జబ్బు పడిపోయింది, జాతుల మధ్య తేడా తగ్గింది. పిల్లల ముక్కుల్లో క్రిమి నిలవకపోతే తాతకు అంటదు. అంటే పెద్దల ఆరోగ్యంలో జాతి తేడాను తగ్గించిన మంచి సాధనాల్లో ఒకటి పిల్లల పథకం! పెద్దలకైతే న్యుమోకాకల్ టీకా 65 దాటాకే అన్న నియమం చాలాకాలం నడిచింది. నల్లవారికి ఈ జబ్బు అంతకంటే ముందే వస్తుందని ఎప్పటినుంచో తెలుసు. సీడీసీకి టీకాల మీద సలహా ఇచ్చే సంఘం ఆ వయసును 50కి దింపింది 2024 అక్టోబరులో. మంచి నిర్ణయమే, చాలా ఆలస్యమైన నిర్ణయం. 2025 జూన్‌లో ఆ సంఘంలోని 17 మంది సభ్యులనూ ఆరోగ్యమంత్రి ఒక్కసారిగా తొలగించారు. బీమా కంపెనీలు ఏ టీకాను ఉచితంగా ఇవ్వాలో ఆ సంఘం సిఫార్సును బట్టే ఉంటుంది.

ఇప్పుడు మనవాళ్ళ సంగతి. ఆసియన్లు 54 శాతం అనగానే మనం బాగానే ఉన్నామని అక్కడి తెలుగువారు అనుకోవచ్చు. ఈ గంపలో ఎవరెవరున్నారో చూడాలి. 1923లో థిండ్ అనే భారతీయుడి కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారు కారంది. సుబ్బారావుగారు ఆ దేశంలో బతికిన కాలమంతా దాదాపుగా ఆ తీర్పు కిందే గడిచింది. 1970 జనగణన మనల్ని తెల్లవారిలో కలిపింది. తర్వాత ఆసియన్లలో వేసింది. చైనా, వియత్నాం, కొరియా, ఫిలిప్పీన్స్, భారత్ అన్నీ ఒకే అంకె. ఆ అంకె వెనుక హెపటైటిస్ బి దాగి ఉంది. ఆసియన్లు అమెరికా జనాభాలో నూటికి ఆరేడుగురే. ఆ దేశంలో ఈ జబ్బు దీర్ఘకాలంగా ఉన్నవారిలో సగానికి పైగా వాళ్ళే. చాలామందికి అది పుట్టిన దేశంలో పసితనంలోనే అంటింది. హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను చవకగా తెచ్చిన సంగతి మనం గర్వంగా చెప్పుకుంటాం. కాని మన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో అది దేశమంతటికీ చేరింది 2011 తర్వాతే. డెబ్బైల్లో, ఎనభైల్లో ఇక్కడ పుట్టి అక్కడ స్థిరపడ్డ ఇంజనీర్లలో ఎక్కువమందికి పసితనంలో ఆ టీకా పడి ఉండదు. 19 నుంచి 59 ఏళ్ళ వారందరూ వేయించుకోవాలని 2022లోనే అక్కడ సిఫార్సు చేశారు.

వాళ్ళ అమ్మానాన్నల పరిస్థితి ఇంకా ఇబ్బంది. గ్రీన్‌కార్డు మీద వెళ్ళిన తల్లిదండ్రులు అయిదేళ్ళు వరుసగా ఉంటే తప్ప డబ్బు కట్టైనా మెడికేర్ తీసుకోలేరు. 1996 చట్టం ప్రకారం మెడికెయిడ్‌కూ చాలాచోట్ల అదే అయిదేళ్ళ గడువు. మనవల్ని ఎత్తుకుని తిరిగే డెబ్బై ఏళ్ళ తాతగారికి ఫ్లూ, న్యుమోనియా టీకాల మాట ఎవరూ ఎత్తరు. బిడ్డకు మాత్రం ఒక్క డోసూ తప్పదు.

పిల్లల పథకం లాంటిదే పెద్దలకూ పెడదామని బైడెన్ ప్రభుత్వం 2022లో బడ్జెట్‌లో ప్రతిపాదించింది. కాంగ్రెసు ఆమోదించలేదు. బీమా లేని పెద్దలకు కోవిడ్ టీకా ఉచితంగా ఇచ్చిన తాత్కాలిక పథకం కూడా 2024 ఆగస్టుతో ముగిసింది. పిల్లల తేడాను ఏ మందు తుడిచిందో తెలిసి కూడా పెద్దలకు ఆ మందు వాడటం లేదు. దీన్ని నేను నల్లవారి అపనమ్మకం అనను. ప్రభుత్వం బాధ్యత తీసుకోకపోవడం అంటాను.

అమెరికాలో పనిచేస్తున్న తెలుగు డాక్టర్లు ఈ ఉపన్యాసం అచ్చులో చదువుతారని ఆశ. మీలో ఎందరో వీసా మినహాయింపు మీద వైద్యులు దొరకని పల్లెల్లో, పేద పేటల్లో ప్రాక్టీసు మొదలుపెట్టినవారు. మీ ఎదుట కూర్చునేది ఈ లెక్కల్లోని మనుషులే. అమెరికాలో స్టాండింగ్ ఆర్డర్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒక్క కాగితం మీద మీరు సంతకం చేసిపెడితే, మీ కోసం ఆగకుండా, అర్హత ఉన్న ప్రతి రోగికీ నర్సే టీకా వేయవచ్చు. రోగి రంగు, భాష, బీమా చూసి ఎవరికి చెప్పాలో ఎవరికి చెప్పనక్కరలేదో మనసులో జరిగే లెక్కకు అక్కడ చోటుండదు. మీ క్లినిక్కులో ఆ కాగితం ఉందో లేదో రేపే చూడండి. లేకపోతే ఈ చలికాలం మొదలయ్యేలోపు రాసిపెట్టండి.